సాలొంగో ముంగిట ఆరుతున్న సెన్సర్

మా ముకోనో ఊళ్ళో ఎవరి కారు దగ్గినా సాలొంగో చిటికెలో బాగుచేసేవాడు. ఆ తర్వాత ఆరబెట్టడం ఉండేది. దానికి మాత్రం మన ఆయుష్షులో ఓ ముక్క ఆయన చేతిలో పెట్టి కూర్చోవాలి. "ఆరనీ," అనేవాడు. మిన్ను విరిగి మీద పడినా అదే మాట. అంత తీరుబడి మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు, ఇక చూస్తానన్న ఆశా లేదు. ఆయన పోయి ఏడాదైంది.

సాలొంగో అంటే పేరు కాదు, కవలల తండ్రి. ఇంట్లో కవలలు పుట్టాక ఆ మనిషిని అసలు పేరుతో పిలవడం మా బుగాండా సీమలో మర్యాద కాదు. ఆయన భార్య నాలొంగో. సాలొంగో ఒకప్పుడు బస్సుల షెడ్డులో మెకానిక్కు. ఇల్లు నా కుట్టుకొట్టుకి సరిగ్గా ఎదురుగా. నేను మిషను తొక్కుతూ తల ఎత్తితే ఆయన ముంగిలే కనబడేది, అక్కడ ఎవరో ఒకరు గోళ్ళు కొరుక్కుంటూ కూర్చునే ఉండేవారు.

మావి ఎర్రమట్టి రోడ్లు. కార్లేమో జపానువాళ్ళు వాడి వదిలేసినవి. దుమ్ము తిని తిని ఒకనాటికి ఎత్తు ఎక్కనని మొరాయిస్తాయి, ఆగినచోట చలిజ్వరం వచ్చినట్టు వణుకుతాయి. ఇంజన్లోకి ఎంత గాలి పోతోందో కనిపెట్టే సెన్సర్ ఒకటి గాలిగొట్టంలో ఉంటుంది. దాని సన్నతీగకి మట్టి పడితే ఇక అది చెప్పేవన్నీ అబద్ధాలే. సాలొంగో దాన్ని కారు ముక్కు అనేవాడు.

"జలుబు చేసింది, అంతే. ఇంజను విప్పించకండి," అని ధైర్యం చెప్పేవాడు.

ఇంజను ఆపించి చల్లారనిచ్చేవాడు. బ్యాటరీ తీగ ఊడదీసేవాడు. ఎవరి చేతిలోనైనా సిగరెట్టు ఉంటే వీధి అవతలికి తరిమేవాడు. ప్లగ్గుని తీగ పట్టి లాగకుండా, క్లిప్పు నొక్కి తీసేవాడు. స్క్రూలు విప్పి, సెన్సర్‌ని పసిపిల్లని ఎత్తినట్టు ఎత్తి, దానికోసమే అమ్మే స్ప్రే కాస్త దూరం నుంచి కొట్టేవాడు. తీగకి వేలు తగలనివ్వడు, గుడ్డ తగలనివ్వడు. పళ్ళెంలో పెట్టి, దుమ్ము పడకుండా బుట్ట బోర్లించి, తానూ పక్కనే కూర్చునేవాడు.

"నోటితో ఒక్క ఊదు ఊదితే ఆరిపోదా సాలొంగో?"

"నీ నోట్లో ఉమ్ము ఉందా?"

"ఉంటుంది కదా."

"మరి కూర్చో."

మినీబస్సు నడిపే లుబోవా ఓసారి ఈ కూర్చోవడం నా వల్ల కాదని ఇంట్లో తానే చేసుకున్నాడు. బట్టల సబ్బు పెట్టి, పళ్ళు తోముకునే బ్రష్షుతో రుద్ది, పెళ్ళాం గోమెసి గౌను పక్కన దండెం మీద క్లిప్పు పెట్టి ఆరేశాడు. తీగ తెగింది. బస్సు గేటు కూడా దాటలేదు. తల వంచుకుని వచ్చాడు.

"నువ్వన్నట్టే ఆరబెట్టాను సాలొంగో."

"ఆరబెట్టావు. అందులో వంక పెట్టను. కొత్తది కొనుక్కో. ముందు ఇలా వచ్చి టీ తాగు."

టీ అంటే ఒక కప్పు కాదు. అల్లం టీ, వేయించిన పల్లీలు, మళ్ళీ టీ. "ఆరిందా?" అంటే "ఆరుతోంది." మళ్ళీ అడిగితే "తొందరేముంది, దానికి తెలుసు." సెన్సర్ ఎప్పుడో ఎండి గలగలలాడుతుందని మాకందరికీ అనుమానమే. నాలొంగో మాత్రం మొగుణ్ణి వెనకేసుకొచ్చేది కాదు.

"నన్ను చూడ్డానికి వచ్చిన రోజు వానలో తడిసి వచ్చాడమ్మా. ఆరేదాకా లేవనని మా ఇంట్లోనే కూర్చున్నాడు. మా నాన్న విసుగెత్తి పిల్లనిచ్చి పంపేశాడు," అనేది.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. మా తమ్ముడు కయోండో క్వాన్జుల రోజు మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు.

క్వాన్జుల అంటే పెళ్ళికొడుకు తన మందితో, కానుకలతో పిల్ల ఇంటికి వెళ్ళి పరిచయం చేసుకునే పండుగ. మగవాళ్ళంతా తెల్లటి పొడుగు కాన్జు అంగీలు, పైన కోట్లు. వేళకి చేరకపోతే పిల్ల వైపువాళ్ళు గేటు దగ్గరే నిలబెట్టి పరువు తీస్తారు. కయోండోకి ప్రాణం పోయినా ఫరవాలేదు, మాట పడకూడదు. కానుకలన్నీ ఎక్కించిన అతని కారే ముందు నడవాలి, అదేమో ఆ ఉదయమే దగ్గు మొదలెట్టింది. వరసలో ముందు కూర్చోవలసిన పెద్దమనిషి సాలొంగోనే కాబట్టి, తెల్లారగానే అందరం ఆయన ముంగిట్లో దిగాం.

ఆయన ఇస్త్రీ కాన్జు మీదకి ఎగదోపి పని కానిచ్చాడు. పళ్ళెం, బుట్ట. ఆరబోతుండగా ఆయన ఫోను మోగింది. లేచి ఇంటి వెనక్కి వెళ్ళి మాట్లాడి వచ్చాడు. వచ్చి బుట్ట ఎత్తి, సెన్సర్‌ని ఎండకి పెట్టి చూసి, మళ్ళీ స్ప్రే కొట్టాడు.

"సాలొంగో, ఆరిందాన్ని మళ్ళీ తడిపావేం?" అన్నాడు కయోండో.

"ఓ మూల మట్టి ఉంది నాయనా."

"ఉండనీ. నగ్గలామలో పిల్ల ఇంటి దాకా లాగుతుంది."

"లాగదు. నలుగురిలో ఆగిపోతే బాగుంటుందా? కూర్చో, టీ తాగు."

"నాకు టీ వద్దు, నా కారు కావాలి."

"ఆరనీ."

కాసేపటికి మూడోసారి తడిపాడు. కాన్జుల్లో ఉన్న మా పెద్దలు చెమటలు కక్కుతూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎండ నడినెత్తికొచ్చింది. మళ్ళీ ఫోను మోగాక గానీ ఆయన స్క్రూలు చేత పట్టలేదు. అంతా బిగించి, బ్యాటరీ తీగ తగిలించి, చేతులు కడుక్కుని, కోటు తొడుక్కుని వచ్చేసరికి కయోండో కారు తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

"నువ్వు రావద్దు. మా పరువు గంగలో కలిపింది చాలు. నీ కుర్చీలో ఇంకెవరైనా కూర్చుంటారు."

అంత మాట అనకురా అని నేను అంటూనే ఉన్నాను. సాలొంగో కోటు బొత్తాలు ఒక్కొక్కటే విప్పుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. కారు మాత్రం దగ్గకుండా, వెన్నలా నడిచింది.

ఆ తర్వాత కయోండో ఆ ముంగిలి తొక్కలేదు. కారు దగ్గితే పట్నం తీసుకెళ్ళేవాడు. ఎదురుపడితే సాలొంగోనే పలకరించేవాడు, "ముక్కు ఎలా ఉంది?" అని. వీడు తల తిప్పుకునేవాడు. ఏళ్ళు అలాగే గడిచాయి. ఎన్ని కప్పుల టీ, ఎన్ని మాటలు వృథాగా పోయాయో.

మొన్న ఏడాది కర్మ ముగించి, సాలొంగో వారసుణ్ణి నలుగురి ముందు నిలబెట్టిన రోజు, పందిట్లో భోజనాలయ్యాక, కయోండో మామగారు ముసీసి మా చాప మీద వచ్చి కూర్చున్నాడు. పెద్దాయన కళ్ళు తుడుచుకుంటూ, "నా పరువు కాపాడిన మనిషి," అన్నాడు.

"మీ పరువా? ఎలా మామగారూ?" అన్నాడు కయోండో.

"ఇక చెప్పినా ఫరవాలేదులే. మీరొచ్చే రోజు కుర్చీలు, టెంట్లు తెచ్చే లారీ గుంటలో దిగబడింది అల్లుడూ. మీరు వేళకి వచ్చుంటే మీ పెద్దలు నా ఇంట ఎండలో మట్టి మీద కూర్చునేవాళ్ళు. పిల్లనిచ్చేవాణ్ణి, ఆగండని మీకెలా చెప్పను? మీ వైపు పెద్దమనిషి కదా అని సాలొంగోకి ఫోన్ చేశాను. 'కంగారు పడకు, ఇక్కడ ఇంకా ఆరలేదు' అన్నాడు. లారీ వచ్చాక మళ్ళీ చేశాను."

కయోండో చేతిలోని ఎంగిలి అరటాకు కింద పెట్టాడు.

"నాకొక్క మాట చెప్పలేదేం ఆయన?"

"చెప్పొద్దని నేనే ఒట్టు వేయించుకున్నాను. మా అమ్మాయి రేపు మీ ఇంట్లో మాట పడకూడదని."

"నేనాయన్ని రావద్దన్నాను మామగారూ. కోటు తొడుక్కుని నిలబడ్డ మనిషిని రావద్దన్నాను."

"రాలేదని ఎవరన్నారు?" అన్నాడు ముసీసి. "మోటార్‌సైకిల్ వెనకెక్కి దిగాడు. మీ వైపు వద్దన్నావని మా వైపు కూర్చున్నాడు, నీళ్ళ పీపాల వెనక. ఆలస్యానికి శిక్షగా నీ చేత పాట పాడించారు గుర్తుందా? పాడించండని ముందు అరిచింది ఆయనే. రెండో పాట అడిగిందీ ఆయనే."

కయోండో లేచి వెళ్ళి నాలొంగో ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చాప పోచలు పీకుతూ అడిగాడు.

"ఆయన నా మీద కోపంగా పోయాడా అమ్మా?"

"కోపమా?" అంది నాలొంగో. "ఆ రోజు మీ అత్తారింట కడుపునిండా తిని వచ్చాడు. మంచం మీద పడుకుని, 'ఆ పిల్లాడి ముక్కు బాగుచేశాను గానీ నాలొంగో, గొంతు మాత్రం దేవుడొచ్చినా బాగుచేయలేడు' అన్నాడు."

చాప చాపంతా గొల్లున నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వింది మా కయోండోనే. ఆ మాట ఆయన నోటనే వినుండాల్సింది అక్కా అని ఇంటికొచ్చేదాకా అంటూనే ఉన్నాడు.