చెరువొడ్డున ఏరిన గాజుముక్కలు

క్లాసులో ఎవరో అమ్మాయి విశాఖ వెళ్లి గవ్వలు ఏరుకొచ్చిందట. అప్పటినుంచి మా పాపకూ బాబుకూ బీచ్ పిచ్చి పట్టింది. పటాన్‌చెరులో సముద్రాన్ని ఎక్కడినుంచి తేను? ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షం అనుకుని, ఎండాకాలంలో ఒక ఆదివారం పొద్దున జిన్నారం అవతల మా పుట్టినూరి చెరువుకు బయల్దేరదీశాను. ఊళ్లో ఒక్కతే ఉండే అమ్మ చెరువుకు రానంది. నాన్న పోయి మూడేళ్లు, అమ్మ నవ్వి మూడేళ్లు. నా దగ్గరికొచ్చి కూర్చోవడం కూడా మానేసింది. ఇవాళైనా పిల్లల మధ్య నవ్వుతుందని పట్టుబట్టి లాక్కెళ్లాను.

నీళ్లు బాగా లోపలికి పోయి, నెర్రెలు బారిన మట్టి తేలింది. ఒక్క కొంగ లేదు, ఒక్క కప్ప అరుపు లేదు. కంపెనీల వైపునుంచి గాలి తిరిగితే గొంతులో చేదు తగిలేది. పిల్లల కేకలు కూడా ఎక్కడికీ పోకుండా మా పక్కనే ఆగిపోతున్నట్టుండేవి. నాకెందుకో భయమేసింది. కానీ ఈ షికారు పెట్టిందే నేను, ఎవరితో చెప్పుకోను? పులిహోర డబ్బా విప్పాను.

గవ్వలు లేవు, ఖాళీ నత్తగుల్లలు దొరికాయి. తర్వాత ఒక బండ పక్కన పాపకు ఎర్రటి గాజుముక్క దొరికింది. పుల్లతో కెలికితే ఇంకోటి, పచ్చది. కెలికిన కొద్దీ వస్తూనే ఉన్నాయి, ఎవరో గాజులు విత్తిపోయినట్టు. సముద్రం ఒడ్డున రంగు గాజుముక్కలు ఏరేవాళ్లను ఫోన్లో చూసి ఉన్నానేమో, సంబరంగా నేనూ కొంగు దోపి వంగాను. డబ్బా మూత నిండింది. పాప దాన్ని తీసుకెళ్లి, దూరంగా కూర్చున్న అమ్మ ముందు పెట్టింది.

"నీ చేతులకు గాజులు లేవు కదా అమ్మమ్మా. ఇవి అతికించి నీకు చేసిస్తా."

అమ్మ ముఖం చూశాక గానీ నాకు వెలగలేదు. నాన్న పోయిన పదోనాడు అమ్మను చెరువుకు తీసుకొచ్చి గాజులు పగలగొట్టారు. ముత్తైదువలు చూడకూడదని నన్ను ఇంట్లోనే ఉంచేశారు. ఏ చోటో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. అవతల పారేయమని పాపను కసిరాను.

అమ్మ వద్దంది. మూతలోంచి ఒక ముక్క తీసి ఎండకు పట్టి చూసింది.

"గిది మన ఎన్కింటామెది," అంది. "గీ సుక్కలది బాయికాడి పిల్లది. ఇర్వై ఏండ్లు సుత నిండలే."

నీకెలా తెలుసని అడిగాను.

"నేనే పగలగొట్టిన బిడ్డా. ముత్తైదువలు ముట్టొద్దు గదా. మీ నాయిన పోయినంక ఎవలకు గట్లయినా నన్నే పిలుస్తరు. చెయ్యి గట్టిగ పట్టుకోవాలె, లేకుంటే గుంజుకుంటరు."

మూత ఖాళీ అయ్యేదాకా ఒక్కొక్కటే తీసి, ఎవరిదో చెబుతూ మట్టిలో గుచ్చింది. కొన్నింటికి కాసేపు ఆలోచించింది. నాకు ఊరి మీద, ఆ ఆచారం మీద, అన్నిటికంటే నా మీద కోపమొచ్చింది.

ఇంక పోదామని, అమ్మను లేపడానికి చెయ్యి చాపాను. అమ్మ నా మణికట్టును ముట్టుకోలేదు. గాజులకు తగలకుండా మోచేతికి పైన పట్టుకుని లేచింది. మూడేళ్లుగా నన్ను అక్కడే పట్టుకుంటోంది.