ఇంటర్వెల్‌కు ముందు పడిన మనిషి

రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీ మరిచిపోతాయన్న భయం తీరిపోయింది. అయినా మాలాంటి వాళ్లకు ఇంకా ఉద్యోగాలు వస్తూనే ఉన్న రోజులవి. సింగపూర్‌లో ఒక బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం నా పని. యీషున్‌లో ఒక హైదరాబాదీ ముస్లిం కుటుంబం ఉండే ఫ్లాట్‌లో గది అద్దెకు తీసుకున్నాను. ఆ ఇంటావిడను నేను ఆంటీ అనేదాన్ని, ఆమె నన్ను బేటా అనేది. వారమంతా చల్లటి గదిలో తెరకేసి చూసి చూసి, ఆదివారం బయటికి వస్తే ఎండా, చెట్లూ, ఫ్లాట్ల కిటికీల్లోంచి పొడుచుకొచ్చిన గెడలమీద ఊగే బట్టలూ కాస్త దూరంగా, నిద్రలో చూస్తున్నట్టు కనిపించేవి.

ఒక ఆదివారం పొద్దున తెలుగువాళ్లు కొందరు కలిసి టోవా పాయోలో ఓ పాత సినిమా హాలు అద్దెకు తీసుకున్నారు. ఎగిరే మనిషి సినిమా ఒకటి ఇండియా నుంచి తెప్పించారు. తెలుగులో అలాంటిది అప్పటికి కొత్త. గుమ్మం దగ్గర టికెట్లు చింపే పని నాకు అప్పజెప్పారు. తోడుగా ఆంటీ వచ్చింది. నాలాంటి ఆఫీసు వాళ్లు కొద్దిమందే, అది కూడా వెనక వరసల్లో. ముందు సగం హాలంతా షిప్‌యార్డుల్లో, కట్టడాల్లో పనిచేసే మనవాళ్లు. లారీల్లో దిగారు. తలలకు నూనె రాసి, ఇస్త్రీ చొక్కాలు వేసుకుని, పెళ్లికి వచ్చినట్టు నెమ్మదిగా లోపలికి నడిచారు.

మొదటి గంట మామూలుగా గడిచింది. హీరోకు ఏదో శక్తి ఉందని మాకు తెలుసు, అతనికింకా తెలియదు. ఇంటర్వెల్‌కు ముందు ఒక పెద్ద కట్టడం చూపించారు. ఎక్కడో ఇరవయ్యో అంతస్తు దగ్గర పరంజా మీద నిలబడ్డ కూలి ఒకడు కాలు జారి పడ్డాడు. సంగీతం ఆగిపోయింది. అతను తెరమీద చాలాసేపు పడుతూనే ఉన్నాడు.

అప్పుడు చూశాను. ముందు వరసల్లో చేతులు లేచాయి. ఒకటీ రెండూ కాదు, చాలా చేతులు. అరచేతులు పైకి పెట్టి, కొందరు కుర్చీల్లోంచి సగం లేచి, పడుతున్న మనిషిని పట్టుకోబోయినట్టు నిలబడిపోయారు. ప్రొజెక్టర్ వెలుగు ఆ చేతుల మీదుగా వెళ్తోంది. చేతుల నీడలు తెర అడుగున వరుసగా, నీళ్లలో నాచులా కదిలాయి. ఈలోగా హీరో ఎగిరి వచ్చి కూలీని పట్టుకున్నాడు. సినిమాలో ఊరంతా రోడ్డుమీదికి వచ్చి ఆకాశం వంక చూసింది. మా హాల్లో ఈలలు వెనక వరసల్లోనే వినిపించాయి. ముందు వరసల వాళ్లు చేతులు దించుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కూర్చున్నారు.

ఇంటర్వెల్‌కు లైట్లు వెలిగాక ఒకతను నా దగ్గరికి వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయేమో. కరీంనగర్ వైపు మనిషి, పరంజాలు కట్టే పని. ఇప్పుడు అయిపోయిన రీలు మళ్లీ ఒకసారి వేయిస్తారా అని అడిగాడు. నేను పైకెక్కి ఆపరేటర్‌ను అడిగాను. ఆయన పెద్ద వయసు తమిళాయన. ఎందుకు అని అడిగితే, కింద కూర్చున్న వాళ్ల పని ఏమిటో చెప్పాను. ఆయన రీలు వెనక్కి తిప్పడం మొదలుపెట్టాడు.

రెండోసారి ఎవరూ చేతులెత్తలేదు. ఆ మనిషి పడకముందు ఎలా నిలబడ్డాడో చూశారు. బెల్టు ఉంది, హుక్కు తగిలించలేదు అన్నారు ఒకరు. పలక కింద కట్టు వదులుగా ఉందన్నారు ఇంకొకరు. హీరో వచ్చినప్పుడు అతన్ని ఎవరూ పట్టించుకోలేదు. మాట్లాడకుండా చూస్తున్నది రీలు అడిగినతనొక్కడే.

సినిమా అయ్యేసరికి బయట వాన. లారీల కోసం అందరూ చూరు కింద నిలబడ్డారు. ఆంటీ తన డబ్బాలో తెచ్చిన లుఖ్మీలు, ఖీమా పెట్టిన సమోసాల్లాంటివి, పంచుతూ అతని దగ్గర ఆగి, ఒంట్లో బాగాలేదా అని అడిగింది. బాగానే ఉందన్నాడు. తర్వాత వాన వైపు చూస్తూ చెప్పాడు.

"నాకు తెల్వకుంటనే చేతులు లేచినయ్ ఆంటీ. నిరుడు మావోడు నిజంగ పడ్డప్పుడు గివే చేతులు లేవలే. పక్కనే ఉన్న. పైపు పట్టుకొని అట్లనే చూసిన."

ఆ స్నేహితుడు బతికాడట. రెండు కాళ్లూ విరిగాయి, ఇంటికి పంపించేశారు. ఇప్పుడు కర్రతో నడుస్తున్నాడని ఎవరో చెప్పారట. ఇతను మాత్రం ఆ రోజు నుంచి ఒక్కసారీ ఫోన్ చేయలేదు. ఏమని చేయాలో తోచక ఏడాది గడిచిపోయింది.

ఆంటీ చెయ్యి దుపట్టాకు తుడుచుకుంది.

"సినిమా కథ చెప్పనీకి ఫోన్ చెయ్ బేటా," అంది. "అంతకన్న పెద్ద మాట ఎందుకు?"

హాలు పక్కనే పబ్లిక్ ఫోన్లు ఉన్నాయి. నా దగ్గర ఫోను కార్డు ఉంది. నంబర్ అతనికి కంఠతా వచ్చు, ఎన్నిసార్లు నొక్కబోయి మానేశాడో. నొక్కాడు. అవతల ఫోనెత్తినప్పుడు ఏడుస్తాడనుకున్నాను. అతను మాత్రం పేర్లు పడ్డ దగ్గర్నుంచి వరసగా కథ మొదలుపెట్టాడు. హీరో చిన్నతనం, చదువు, మొదటి పాట. వాన చప్పుడులో ఆ కథ వింటుంటే తెరమీద చూసినదాని కన్నా ఎక్కువ నమ్మబుద్ధేసింది. పరంజా మీంచి కూలి పడ్డాడని, హాల్లో తన చేతులు లేచాయని చెప్పి ఆగిపోయాడు. రిసీవర్ చెవికి దూరంగా జరిగింది. అవతలి మాట మాకూ వినిపించింది.

"నువ్వు చెయ్యి చాపితే నువ్వూ పడుతుంటివి రా. ఊకో. కథ చెప్పు."

ఇతను కళ్లు మూసుకుని గోడకు ఆనుకున్నాడు. తర్వాత మిగిలిన కథ చెప్పాడు. మంత్రి దండ వేయడం, పోలీసులు ఆ ఎగిరే మనిషిని ఏం చేయాలో తెలియక తలలు పట్టుకోవడం, మంచుకొండల్లో పాట, చివరి పోరాటం అన్నీ చెప్పాడు. అంతా విని ఆ స్నేహితుడు ఒకటే అడిగాడు.

"గా పడ్డోడు ఏమైండు మల్ల?"

నేనూ ఆంటీ మొహాలు చూసుకున్నాం. ఆ కూలీని హీరో కింద దింపాక సినిమాలో మళ్లీ ఎక్కడా చూపించలేదు. ఆ సంగతి మాకు అంతవరకు తట్టలేదు.

"ఇంటికి పోయిండు," అన్నాడు ఇతను, కొంచెం ఆలోచించి. "రెండు దినాలు సుట్టీ ఇచ్చిండ్రు. మల్ల పనికి వచ్చిండు. ఇప్పుడు హుక్కు తగిలియ్యకుంట పైకెక్కుతలేడు."

ఆంటీ ఖాళీ డబ్బా మూత పెట్టింది.

ఇంటికి వెళ్లేటప్పుడు రైల్లో ఆమె నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. వాన వెలిసి, సగం కట్టిన ఫ్లాట్లు వెలుతురులో తడిగా మెరుస్తున్నాయి. ఆదివారం కావడంతో వాటిమీద ఎవరూ లేరు. అయినా ప్రతి కట్టడం కింద పైకి చాచిన చేతులు వరసగా ఉన్నట్టు నాకు అనిపిస్తూనే ఉంది. అప్పటిదాకా రోజూ ఆ కట్టడాల పక్కనుంచే ఆఫీసుకు వెళ్లొచ్చాను. ఒక్కసారీ తలెత్తి చూడలేదు.

రంజాన్ నెలలో అతను ఇఫ్తార్‌కు ఆంటీ ఇంటికి వచ్చాడు. అతనూ ఆ స్నేహితుడూ ప్రతి ఆదివారం ఫోన్లో మాట్లాడుకుంటున్నారట. కాళ్ల సంగతి, ఊళ్లో వానల సంగతి అయ్యాక, సినిమా వదిలేసిన ఆ కూలీ కథ కొంచెం కొంచెం కలుపుకుంటూ పోతున్నారట. కథలో ఆ కూలీకి పెళ్లి చేశారు. మేస్త్రీతో తగాదా పెట్టించారు. హీరో ఒకసారి దారిలో కనబడితే టీ తాగించి పంపించారు. నేను యీషున్ వదిలి వచ్చేసరికి వాళ్ల కథలో ఆ కూలీ సొంత ఇల్లు కట్టడం మొదలుపెట్టాడు. ఎన్ని అంతస్తులు అని అడిగాను. మావోడు ఒక్కటే చాలన్నాడు అక్కా, అని చెప్పి నవ్వాడు.