పాస్టరు గదిలో కుదిర్చిన రాజీ

పదిహేను నిమిషాల్లో ఒక మనిషి పరువు తగాదా తేల్చేశాను. మా ఆఫీసులో ఆ రికార్డు ఇంతవరకూ ఎవరూ దాటలేదు. నా సర్వీసులో అంత చెత్త పని కూడా ఇంకొకటి లేదు.

2023, చిత్తూరు. నా పని మీడియేషన్. తగువు కోర్టుకు పోకముందే ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడించడం. కిరాణా కొట్టులో పెరిగినదాన్ని. ఎదుటివాడు ఎంత దగ్గర దిగుతాడో ముఖం చూసి చెప్పగలను. ఆ తెలివే కొంప ముంచింది.

రత్నమ్మ మా చర్చి హాస్టల్లో వంటమనిషి. నూనె ప్యాకెట్లు తగ్గాయని వార్డెన్ ప్రకాశం, ఆదివారం ఆరాధన ముగిసి జనం బయటికొస్తుంటే, చర్చి మెట్ల మీద ఆమె సంచి దులిపించాడు. రాలినవి టిఫిన్ డబ్బా, మాసిన జాకెట్టు, కూతురికి దాచిన అరటిపండు. కొందరు నవ్వారు. మూడోరోజు ప్యాకెట్లు స్టోరులోనే, బియ్యం మూటల వెనక దొరికాయి. రత్నమ్మ పని మానేసి మా ఆఫీసుకొచ్చింది.

మా చర్చిలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే యేసు పేరిట అందరూ రొట్టె పంచుకునే ఆరాధన. మనసులో పగ ఉన్నవాళ్లు రొట్టె ముట్టకూడదు. అందుకని శనివారమే తేల్చేయాలని నా తొందర. పాస్టరు గదిలో, తలుపు వేసి, ఆయన ముందర “తప్పయిపోయిందమ్మా” అని ప్రకాశం గొణిగాడు. రత్నమ్మ తలూపింది. సంతకాలు పెట్టించాను.

మర్నాడు ప్రకాశం రొట్టె తీసుకున్నాడు. వెనక బెంచీలో రత్నమ్మ రొట్టె ముట్టకుండా పళ్లెం పక్కకు అందించింది. అది నా కంట పడింది. వారమంతా కాలు నిలవక, చివరికి ఆమె ఇంటికే వెళ్లాను.

“మల్లా ఏందక్కా? సంతకం సరిగ్గా పళ్లేదా?”

“నీకు మనసొప్పలేదా రత్నమ్మా?”

“సంచి దులిపింది అందరి ముందర. తప్పయిందనింది తలుపేసుకోని. నేను దొంగను గాదని మీ ముగ్గురికే తెలుసు. నా బిడ్డను సండే స్కూల్లో ఇంగా నూనె ప్యాకెట్టనే పిలస్తా ఉండారు.”

అవమానం టోకున, క్షమాపణ చిల్లరగా. ఇలాంటి బేరం కొట్టులో చేసి ఉంటే మా నాయన తక్కెడ తీసుకుని కొట్టేవాడు.

ప్రకాశం దగ్గరికి పరిగెత్తాను.

“దేవుడే క్షమించినాడు గదమ్మా, ఇంగేంది?”

“మీరు దులిపింది దేవుడి సంచి గాదు గదన్నా.”

“అంతమందిలో నా పరువేం గావల్ల?”

“ఆయమ్మ గూడా అదే అడగతా ఉండాది.”

ఆయన తాళాలగుత్తి తీసుకుని స్టోరులోకి వెళ్లిపోయాడు. కానీ మరుసటి నెల, రొట్టె విరవకముందే లేచాడు. “లెక్క తప్పింది నేను. రత్నమ్మ దొంగ గాదు. దొంగను జేసింది నేను.” నేనూ లేచి, “ఆ నిజాన్ని గదిలో మూసిపెట్టింది నేను” అన్నాను. ఆ రోజు రత్నమ్మ రొట్టె తీసుకుంది.

క్షమించమని దెబ్బ తిన్నవాళ్లను తొందరపెట్టడమే సమాధానపరచడమని అంతవరకూ అనుకున్నాను. గాయం ఎక్కడ తగిలిందో నిజం అక్కడికే వచ్చి నిలబడాలి. అది లేనిదే స్వస్థత మొదలవదు.

ఇక ఆఖరి బిల్లు. రత్నమ్మకు పేరు తిరిగొచ్చింది. హాస్టలు పని ఇస్తామన్నా వద్దంది. ఆమె కూతురు సండే స్కూలు మానేసింది, ఇప్పటికీ రావడం లేదు. ఆ పిల్ల పడిన మాటల్లో, గదిలో రాజీకీ అందరి ముందు ఒప్పుకోలుకీ మధ్య గడిచిన నెల మాటలు ప్రకాశం లెక్కలోకి రావు. అవి నావి.