చచ్చిపోయిందన్న కానుగ

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఒక ఫిబ్రవరిలో, నన్ను సికింద్రాబాద్ వైపు ఉద్యాన అధికారిగా వేశారు. పార్కులూ రోడ్డు పక్క మొక్కలూ నా బాధ్యత. వాటికంటే ఎక్కువగా నా బల్ల మీదికి వచ్చేవి చెట్లు కొట్టేయడానికి అనుమతి కోరే దరఖాస్తులు. మొక్క నాటేటప్పుడు జనం ఫొటోగ్రాఫర్‌ని పిలుస్తారు, అది పెరిగి చెట్టయ్యాక మమ్మల్ని పిలుస్తారు.

మా ఆఫీసు పద్ధతి ఇది. చెట్టు ఎండిపోయిందని తేలితే నా సంతకం చాలు. ప్రాణమున్న చెట్టయితే ఫైలు కమిటీకి వెళ్తుంది. వాళ్లు కారణం అడుగుతారు, అభ్యంతరాలు వింటారు, నెలలు గడిచిపోతాయి. అందువల్ల నా దగ్గరికి వచ్చే దరఖాస్తుల్లో చెట్లన్నీ చచ్చే ఉండేవి.

యాప్రాల్‌లోని ఒక కాలనీ నుంచి వచ్చినదీ అలాంటిదే. గేటు దగ్గరి కానుగ పూర్తిగా ఎండిపోయిందనీ, కూలితే ప్రాణాలకే ముప్పనీ రాశారు. సంతకం కాలనీ అధ్యక్షుడు దైవప్రసాద్ గారిది. ఆయన బ్యాంకు మేనేజరుగా రిటైరైన మనిషి, తిరుమలగిరిలో నేను వెళ్లే చర్చికే పెద్ద. కాలనీలో 'వసంత నడక' అనే బృందాన్ని కూడా ఆయనే నడిపేవారు. పొద్దున్నే అందరూ బయలుదేరి, పూసిన ప్రతి చెట్టు కిందా ఆగి, కళ్లు మూసుకుని సృష్టికర్తను స్తుతించి, కళ్లు తెరిచి ఫొటో తీసుకుంటారు. ఆ ఫొటోకి ఒక భక్తి మాట తగిలించి ఆయన చర్చి వాట్సాప్ గ్రూపులో శుభోదయం చెప్పేవారు. కింద వరసగా ఆమెన్‌లు పడేవి.

పరిశీలనకు వెళ్లాను. కానుగ ఆ రోజుల్లో ఆకు రాల్చి కొన్నాళ్లు మోడులా నిలబడుతుంది. కొమ్మ బెరడు గోటితో గీకితే లోపల పచ్చగా, తడిగా ఉంది. ప్రాణం ఉందో లేదో తెలియడానికి మేం చేసే మొదటి పరీక్ష అదే. దైవప్రసాద్ గారికి చూపించాను.

"అది కొన ఊపిరి బ్రదర్. మీరు సంతకం పెట్టేయండి, దాని బాధ తీరిపోద్ది" అన్నారాయన.

అసలు బాధ పక్కనే నిలబెట్టి ఉంది. ఆయన కొత్త కారు, తెల్లది. ఏటా రాలే కానుగ పూలు ఇక ఈ కారుకు అంటుకుపోతాయట. చెట్టు పోతే అక్కడ పార్కింగ్ వస్తుంది. అందుకోసం అప్పటికే నేల మీద సున్నంతో గీతలు గీసి ఉన్నాయి. ఆ గీతల మధ్యే యాదమ్మ ఇస్త్రీ బండి ఉంది. చాలా ఏళ్లుగా ఆమె బతుకు ఆ నీడలోనే గడుస్తోంది. ఎండాకాలంలో బొగ్గుల పెట్టె పట్టుకుని నీడ లేని చోట నిలబడటం ఎవరి వల్లా కాదు.

ఆమె నా వెనకే జీపు దాకా వచ్చింది. "సార్, చెట్టు వోతే నేనేడికి వోవాలె? పెద్దసారు బట్టలు సుత నేనే ఇస్త్రీ జేస్తా. ఆదివారం చర్చికి తెల్లంగి గావాలె, ఇస్త్రీ జేసేదానికి నీడ వద్దా?" అంది.

ఒక్క కొమ్మ పరీక్షతో చెట్టంతటి సంగతీ తేల్చలేం గనక, 'స్పష్టత లేదు, నెల తర్వాత మళ్లీ పరిశీలన' అని ఫైల్లో రాశాను. మర్నాడే పై అధికారి ఫోన్ చేసి, పెద్దమనిషి, పైగా మీ చర్చి ఆయనేనట, ఎందుకు సాగదీస్తున్నావని మందలించారు. ఆ ఆదివారం దైవప్రసాద్ గారు మోండా మార్కెట్ నుంచి పూలు తెప్పించి ప్రసంగ వేదికను నింపారు. అడవి పూల గురించి ప్రభువు చెప్పిన భాగాన్ని గొంతు వణికేలా చదివారు. తర్వాత ప్రార్థనలో, అధికారంలో ఉన్న సహోదరుల కఠిన హృదయాలు మెత్తబడాలని వేడుకున్నారు. నేను కళ్లు మూసుకునే ఉన్నాను గానీ, ఆ ప్రార్థన దేవుడి వైపు కాక నా వైపు వచ్చిందని తెలుస్తూనే ఉంది.

మార్చిలో ఒక పొద్దున గ్రూపులో ఫొటో వచ్చింది. కొమ్మకొమ్మకూ లేత ఊదా పూత, నేల మీద పేలాలు చల్లినట్టు పూలు, మధ్యలో రెండు చేతులూ చాచి దైవప్రసాద్ గారు. 'మా గేటు దగ్గరే దేవుడు పరిచిన తివాచీ' అని కింద రాశారు. నేనూ ఆమెన్ పెట్టాను. అంత మనస్ఫూర్తిగా ఆ గ్రూపులో ఎన్నడూ పెట్టలేదు. తర్వాత ఆ ఫొటో ప్రింటు తీయించి ఫైల్లో జతచేశాను.

రెండో పరిశీలనకు పొద్దున నడక వేళకే వెళ్లాను. బృందమంతా చెట్టు కిందే ఉంది. ఫొటో చూపిస్తే దైవప్రసాద్ గారు, అది వేరే చెట్టేమో బ్రదర్ అన్నారు.

యాదమ్మ తొంగి చూసింది. "గిది నా బండే గద సార్! నా మొఖం రాలే గని ఇస్త్రీ పెట్టె వడ్డది. ఫొటో మంచిగ రావాలె, జెర పక్కకు జరుగమని పెద్దసారే అన్నడు."

నడకకు వచ్చినవాళ్లలో ఎవరో ఫక్కున నవ్వారు. పూసినంత మాత్రాన ఆరోగ్యంగా ఉన్నట్టా అని దైవప్రసాద్ గారు గొణిగారు. నేను అక్కడే పంచనామా రాశాను. కళ్లారా చూసింది రాసి, స్థానికుల చేత సాక్షి సంతకం పెట్టించే కాగితం అది. 'చెట్టు సజీవంగా ఉంది, నిండు పూతలో ఉంది' అని రాసి, మొదటి సాక్షిగా మీరే ఉండాలని ఆయన్నే అడిగాను. చుట్టూ ఆయనతో రోజూ స్తుతించేవాళ్లే ఉన్నారు. సంతకం పెట్టారు. ఎండిపోయిందన్న కారణం నిలవదు గనక దరఖాస్తు తిరస్కరించాను.

కారుకు ముసుగు వచ్చింది. కొన్నాళ్లు ఆయన బట్టలు వేరే చోటికి వెళ్లాయి, ఈస్టర్ నాటికి తెల్ల చొక్కా కోసం మళ్లీ యాదమ్మ దగ్గరికే వచ్చాయి. గ్రూపులో ఇప్పుడు రోజూ ఏదో చలిదేశపు తులిప్ పూలు పెడుతున్నారు. అవి ఎవరి కారు మీదా రాలవు. రిటైరయ్యాక నేను కూడా మార్చి పొద్దుల్లో ఆ వీధిలో నడుస్తున్నాను. ఆ పూత కింద నిలబడితే నాకూ స్తుతి వస్తుంది. ఫొటో తీయను.

ఆ కానుగ తర్వాత, ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, ఆకు రాలే కాలంలో 'ఎండిపోయింది' అని వచ్చిన ఏ దరఖాస్తు మీదా, పూత కాలం దాటి రెండోసారి చూడనిదే నేను సంతకం పెట్టలేదు. నా కుర్చీలోకి వచ్చిన అధికారికీ అదే చెప్పాను. చనిపోయిందన్న చోటికి మళ్లీ వెళ్లి చూడాలన్న సంగతి, ప్రతి ఈస్టర్ తెల్లవారినా ప్రభువు తిరిగి లేచిన ఖాళీ సమాధి గురించి వినే మావాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదనుకునేవాణ్ణి. నా బల్ల మీది దరఖాస్తులు చూశాక, ముందుగా చెప్పాల్సింది మావాళ్లకేనని తెలిసింది.