యలమంద అరవని తూకం

యలమందకి మనిషి కనబడితే కాటా ఎక్కించాలి. అంతే. చుట్టపుచూపుగా వచ్చినవాడైనా, అధికారంతో తనిఖీకి వచ్చినవాడైనా, దారి అడగడానికి ఆగిన లారీ డ్రైవరైనా సరే, "ముందు కాటా ఎక్కండి, తర్వాత మాట్లాడుకుందాం" అనేవాడు. ఎక్కించడంతో ఊరుకుంటే ఎవరికీ బాధ ఉండేది కాదు. ఎక్కినవాడి బరువు రోడ్డు మీద పోయే బస్సులోవాళ్ళకి కూడా వినబడేలా అరిచేవాడు.

అరవడం అతని వృత్తి. గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్ళే దారిలో ఉన్న ఓ కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల టిక్కీలు, అంటే గోనె బస్తాలు, తూచేది అతనే. టిక్కీ కాటా మీద పడగానే బరువు పైకి అరవాలి, అమ్మేవాడికీ కొనేవాడికీ ఒక్కసారే వినబడాలి. "అరవకుండా తూచాడంటే వాడిది దొంగ కాటా" అనేది యలమంద సిద్ధాంతం. టిక్కీకి ఒక న్యాయమూ మనిషికి ఒక న్యాయమూ ఏమిటని అతని వాదన.

ఒకసారి బ్యాంకు మేనేజరు తాకట్టు సరుకు చూసుకోవడానికి వచ్చాడు. ఆయన ఫైలు తెరిచే లోపలే యలమంద ఆయన్ని కాటా మీద నిలబెట్టేశాడు. "తొంభై రెండు! బూట్ల తరుగు పోగా తొంభై ఒకటి!" అని కేక పెట్టి, చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "సరుకు నంబర్ వన్నే సార్, కాకపోతే తేమ ఎక్కువ" అన్నాడు. ఆ తర్వాత నుంచి ఆ మేనేజరు తనిఖీకి తన అసిస్టెంటునే పంపాడు.

ఇంకోసారి యజమాని మేనకోడల్ని చూసుకోవడానికి వచ్చిన పెళ్ళికొడుక్కీ ఇదే మర్యాద జరిగింది. "యాభై! తాలు కాయ!" అని అరిచాడు యలమంద. పెళ్ళివారు మొహాలు మాడ్చుకుని కారెక్కబోతుంటే ఆ పిల్లే అడ్డం వచ్చి, "తేలిగ్గా ఉన్నాడులే మామయ్యా, ఎటు తిప్పితే అటు తిరుగుతాడు" అని ఒప్పేసుకుంది. ఆ సంబంధం కుదిర్చింది తన కాటాయేనని యలమంద ఇప్పటికీ చెప్పుకుంటాడు.

ఇంతమందిని తూచినవాడు తను మాత్రం కాటా ఎక్కగా ఎవరూ చూడలేదు. ఎవరైనా అడిగితే, "తూచేవాడు తూగకూడదు" అని తప్పించుకునేవాడు. మనిషి మాత్రం ఎండబెట్టిన పత్తికట్టెలా ఉండేవాడు.

ఆ కాటాకి చిక్కకుండా తిరిగిన మనిషి ఇంకొకడున్నాడు. మిరపకాయల కమీషను వ్యాపారి మాలిక్. యలమందతో కలిసి ఒకే బళ్ళో పలకలు పగలగొట్టినవాడు. అతను స్కూటర్ మీద వస్తుంటే ముందు పొట్ట వచ్చేది, వెనకాల స్కూటరు వచ్చేది. "ఏరా, ఎక్కుతావా?" అని యలమంద అడిగినప్పుడల్లా, "నీ కాటా విరిగితే మీ ఓనరుకి నువ్వే చెప్పుకోవాలి" అనేసి, గేటు పక్కన జుబేదా బండి దగ్గరికి వెళ్ళి మిరపకాయ బజ్జీల పళ్ళెం ముందేసుకునేవాడు. యలమంద కూడా పక్కనే చేరేవాడు. వాళ్ళ స్నేహం సగం ఆ పళ్ళెంలోనే పెరిగింది.

రెండు వేల ఐదో సంవత్సరం ఎండాకాలంలో మాలిక్ ఇంట్లో పండగొచ్చినంత పనయింది. హజ్ యాత్రకి తీసిన డ్రాలో మాలిక్ పేరూ, అతని భార్య ఖుర్షిదా పేరూ వచ్చాయి. ఖుర్షిదా పెళ్ళయిన నాటి నుంచీ ఎదురుచూస్తున్న యాత్ర అది. వీధంతా మిఠాయి పంచి, మిగిలింది మాలిక్ తిన్నాడు. మర్నాడు ఇద్దరూ గుంటూరు కొత్తపేటలో రెబ్కా డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు.

ఆవిడ మాలిక్ మోకాళ్ళు నొక్కి చూసింది, షుగరు రిపోర్టు చూసింది, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"అక్కడ రోజూ మైళ్ళకొద్దీ నడవాలి మాలిక్ గారూ. ఈ మోకాళ్ళతో, ఈ షుగరుతో అయ్యే పని కాదు. చక్రాల కుర్చీ మాట్లాడుకోండి."

మాలిక్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "కుర్చీలో కూర్చుని తిరగడానికా డాక్టరమ్మా, ఇన్నేళ్ళు ఎదురుచూసింది? నా కాళ్ళతో తిరగాలి. ఖుర్షిదా పక్కన నడవాలి."

"అయితే బయల్దేరేలోపు పది కిలోలు తగ్గండి. కడుపు మాడ్చుకుని కాదు, నెమ్మదిగా. అప్పుడు నేనే నడవమంటాను."

ఆ సాయంత్రం మాలిక్ ఎవరూ పిలవకుండా వచ్చి కాటా ఎక్కాడు. యలమంద నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. హమాలీలు వీపు మీది టిక్కీలు దించేశారు. బజ్జీ నూనెలో వెయ్యబోతున్న జుబేదా చెయ్యి గాల్లోనే ఆగింది.

"అరవరా! ఎందుకలా చూస్తావ్?" అన్నాడు మాలిక్.

"నూట పద్దెనిమిది!" అని అరిచాడు యలమంద. ఆ కేక విని రోడ్డవతల మేస్తున్న గేదె తలెత్తి చూసింది. తర్వాత అతను ఒక పురికొస తెచ్చి, మాలిక్ పొట్ట చుట్టూ తిప్పి, కొసలు కలిసిన చోట కోసి, కాటా గదిలో మేకుకి తగిలించాడు.

మర్నాడు యలమంద తనే రెబ్కా డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి, ముందుగా ఆవిడ కాటా అరకిలో తప్పు చూపిస్తోందని చెప్పి చీవాట్లు తిని, ఆ తర్వాత అడగాల్సినవన్నీ అడిగి, పరుగున తిరిగొచ్చాడు.

"ఒరేయ్ మాలిక్, ఇదంతా మన కోల్డ్ స్టోరేజీ లెక్కేరా! నోట్లోకి పోయేది ఇన్‌వర్డు. ఒళ్ళు వంచితే ఖర్చయ్యేది అవుట్‌వర్డు. నీకు ఇరవై ఏళ్ళ నుంచీ ఇన్‌వర్డు లారీల్లో వస్తాంది, అవుట్‌వర్డు సైకిలు మీద పోతాంది. మిగిలిన సరుకు ఎక్కడుంటది? ఇదిగో, ఈ చాంబర్లో పడుంటది!" అని పొట్ట మీద తట్టాడు.

"అయితే ఇన్‌వర్డు గేటు మూసేస్తా. ఇవాళ్టి నుంచి తిండి బంద్."

"మూస్తే నువ్వు పడతావ్, కొవ్వు కాదు. అన్నం సగం చెయ్యి. పప్పు, కూర పెంచు. గుడ్డో చేపో ఉండాలి. పొద్దున్నే నడక. బజ్జీల బండి వైపు చూశావంటే మాత్రం నీ కళ్ళకి గంతలు కడతా."

అప్పట్నుంచి రోజూ తెల్లవారుతుండగా యలమంద మాలిక్ ఇంటి ముందు నిలబడి కేకలు పెట్టేవాడు. ఇద్దరూ పత్తిచేల గట్ల మీద నడిచేవాళ్ళు. మాలిక్ ఆగిన చోటల్లా యలమంద వెనక్కి వచ్చి వీపు మీద చెయ్యేసి తోసేవాడు. సాయంత్రం జుబేదా బండి ముందు కాపలాకి నిలబడి, మాలిక్ స్కూటరు ఆగబోతే చాలు, "పో పో, ఇంటికి పో!" అని అదిలించేవాడు. నన్ను తరిమేసి వీడు నా వాటా కూడా లాగిస్తున్నాడని మాలిక్‌కి లోపల ఒకటే మంట.

అయితే మాలిక్‌కి ఓపిక తక్కువ. రెండు వారాలకే అతనికో మెరుపులాంటి ఆలోచన వచ్చింది. కల్లంలో ఆరబోస్తే మిరపకాయ బరువు తగ్గుతుంది కదా, మనిషి ఎందుకు తగ్గడు? మిట్టమధ్యాహ్నం ఓ రైతు కల్లానికి వెళ్ళి, ఆఖరి కోత కాయల మధ్య పట్టా పరిచి, రగ్గు కప్పుకుని కూర్చున్నాడు. ఘాటుకి తుమ్ముతూ, చెమటకి తడుస్తూ, ఎర్రగా పండాక లేచి సరాసరి కాటా మీదికి వచ్చాడు.

"నూట పదహారు!" అని అరిచాడు యలమంద.

మాలిక్ గంతులేశాడు. హమాలీలు ఈలలు వేశారు. ఆ ఆనందంలో మాలిక్ కాస్త తూలి, ఇంటి నుంచి ఖుర్షిదా పంపిన మజ్జిగ చెంబు ఎత్తి పట్టి గటగటా తాగేశాడు. ఆ తర్వాత కుండలో మిగిలిన నీళ్ళన్నీ తాగేశాడు. యలమంద అనుమానంగా చూశాడు.

"మళ్ళీ ఎక్కు."

"ఇప్పుడే ఎక్కాగదరా."

"ఎక్కమన్నానా!"

"నూట పద్దెనిమిది!" ఈసారి యలమంద కేకలో కోపం ఉంది. "నువ్వు తగ్గలేదురా, ఆరావు! నీళ్ళు చల్లంగానే మళ్ళీ తూగావు. పైగా షుగరు మనిషివి! ఎండలో కళ్ళు తిరిగి పడితే ఖుర్షిదమ్మకి నేనేం చెప్పాలి?"

మాలిక్ తలొంచుకుని రగ్గు చంకన పెట్టుకున్నాడు. ఆ తర్వాత బుద్ధిగా నడిచాడు. నెమ్మదిగా ఒక్కొక్క కిలోనే జారింది. జారినప్పుడల్లా యలమంద అరుపు పెరిగింది.

అంతలో రంజాన్ వచ్చింది. డాక్టరమ్మని అడిగి, మందుల వేళలు మార్పించుకుని ఉపవాసాలు మొదలుపెట్టాడు మాలిక్. "పగలంతా ఇన్‌వర్డు లేదు, పండగనాటికి పుల్లనైపోతా" అని సంబరపడ్డాడు. కానీ సాయంత్రం ఇఫ్తార్ దగ్గర కూర్చుంటే ఖర్జూరం తర్వాత సమోసా, సమోసా తర్వాత పకోడీ, దాని మీద షర్బత్, ఆపైన హలీమ్. పగటి గేటు మూసి రాత్రి గేటు బార్లా తీశాడు. పండగ మర్నాడు కాటా ఎక్కితే, పోయిన కిలోలు కొన్ని వెతుక్కుంటూ ఇంటికి వచ్చేశాయి.

మళ్ళీ నడక. ఈసారి యలమంద మాలిక్ చేతికి చిన్న ఇసక మూటలిచ్చి ఎత్తించాడు, మెట్లెక్కించాడు. మాలిక్ ఒళ్ళు దాచుకోలేదు. అయినా కాటా ముల్లు మొండికేసింది. వారాలు గడిచినా అదే అంకె. ప్రయాణం దగ్గరపడింది. ఒక పొద్దున మాలిక్ కాటా మీదే కూలబడ్డాడు.

"నా వల్ల కాదురా యలమందా. చక్రాల కుర్చీ మాట్లాడమని ఖుర్షిదాకి చెప్పేస్తా." ఎప్పుడూ నవ్వే మనిషి కళ్ళలో నీళ్ళు చూసి హమాలీలు తలలు తిప్పుకున్నారు.

యలమంద గదిలోకి పరిగెత్తి మేకు మీది పురికొస తెచ్చాడు. మాలిక్ పొట్ట చుట్టూ తిప్పాడు. మొదటి రోజు కొసకి కొస కలిసిన తాడు, ఇప్పుడు ఒక కొస మీద ఇంకో కొస బెత్తెడు ఎక్కింది.

"చూడరా, చూడు!" అని చిన్నపిల్లాడిలా ఎగిరాడు యలమంద. "టిక్కీ బరువు అదే, లోపల సరుకు మారింది! కొవ్వు పోయి కండ వస్తాంది! ఇట్టా అవుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది, నేనే మరిచిపోయా! లే, లే, నడు!"

మాలిక్ తాడు చేత్తో పట్టుకుని చూసుకున్నాడు, లేచాడు, నడిచాడు. పది రోజులకి ముల్లు కూడా దిగొచ్చింది. ప్రయాణానికి వారం ముందు యలమంద "నూట ఏడు!" అని అరిచిన అరుపుకి లారీవాళ్ళు హారన్లు కొట్టారు. రెబ్కా డాక్టరమ్మ మాలిక్‌ని మెట్లెక్కించి దింపి, షుగరు చూసి, "కుర్చీ అక్కర్లేదు, నడవండి" అంది. ఖుర్షిదా అక్కడే డాక్టరమ్మ రెండు చేతులూ పట్టుకుంది.

బయల్దేరే రోజు వీడ్కోలు చెప్పడానికి దంపతులిద్దరూ కోల్డ్ స్టోరేజీకి వచ్చారు. జుబేదా బజ్జీల బండి వదిలి ఎదురొచ్చింది.

"మీరు క్షేమంగా పోయి రండి భాయ్. పోయేముందు యలమందకి కాస్త గడ్డి పెట్టిపోండి. మీరు తిండి తగ్గించిన రోజు నుంచీ నా బండి మీద ఒక్క బజ్జీ ముట్టలేదు. అడిగితే పన్ను నొప్పంటాడు. ఎన్ని నెలలుంటది పన్ను నొప్పి?"

మాలిక్ గిర్రున తిరిగి యలమంద వైపు చూశాడు. ఇన్ని నెలల్లో తన పొట్ట తప్ప అతను ఇంకేమీ చూసుకోలేదు. ఇప్పుడు చూస్తే యలమంద చొక్కా మేకుకి తగిలించినట్టు వేలాడుతోంది. ప్యాంటు జారకుండా నడుముకి పురికొస కట్టుకుని ఉన్నాడు.

మాలిక్ యలమందని రెండు చేతుల మధ్యా పట్టుకుని ఎత్తి కాటా మీద నిలబెట్టాడు.

"ఒరేయ్ దించరా! తూచేవాడు తూగకూడదు!"

మాలిక్ ముల్లు చూశాడు. గొంతు సవరించుకున్నాడు. "నలభై ఎనిమిది!" అని అరిచాడు. "ముందెంత ఉండేవాడివిరా?"

"యాభై నాలుగు" అన్నాడు యలమంద, గొణుగుతూ. "ఎవరూ లేనప్పుడు ఎక్కేవాణ్ణి. అరవలేదు, అంతే."

"తగ్గాల్సింది నేను గదరా! నువ్వెందుకు తగ్గావ్?"

యలమంద కాటా మీదే నిలబడి నడుముకున్న పురికొస బిగించుకున్నాడు. "నువ్వొక్కడివే మానేస్తే నీకు కష్టంగా ఉంటది గదా. నేను తింటా నిన్ను తినొద్దంటే ఏం బాగుంటది? ఆ పొద్దున నడకలొకటి. నాకసలే అవుట్‌వర్డు ఎక్కువ."

మాలిక్ తనూ కాటా ఎక్కి స్నేహితుణ్ణి కావిలించుకున్నాడు. ముల్లు చివరిదాకా పోయి కొట్టుకుంది. ఖుర్షిదా కళ్ళు తుడుచుకుని వేలెత్తి చూపించింది.

"యలమందన్నా, మేమొచ్చేసరికి నువ్వు మళ్ళీ యాభై నాలుగు ఉండాలి. లేకపోతే మక్కా ఖర్జూరం ఒక్కటంటే ఒక్కటి పెట్టను. జుబేదా, అన్నకి ముందు పప్పన్నం, ఆ తర్వాతే బజ్జీలు."

మాలిక్ మక్కాలో ఒక్క అడుగు దూరం కూడా కుర్చీలో పోలేదు. అన్ని ప్రదక్షిణలూ ఖుర్షిదా పక్కనే, తన కాళ్ళతోనే పూర్తి చేశాడు.

తిరిగొచ్చే సరికి కొత్త కాయ దిగుతోంది. దంపతుల కారు కోల్డ్ స్టోరేజీ గేట్లోకి రాగానే, యలమంద పలకరింపులు కూడా లేకుండా పరిగెత్తి కాటా ఎక్కి, జీవితంలో మొదటిసారి తన బరువు తనే అరిచాడు.

"యాభై నాలుగు!"

హమాలీలు చప్పట్లు కొట్టారు. మాలిక్ మాత్రం కాటా చుట్టూ నెమ్మదిగా ఒకసారి తిరిగాడు. యలమంద ప్యాంటు ఒక పక్కకి లాగుతోంది. జేబులో చెయ్యి పెట్టి, రెండు కిలోల ఇనపరాయి బయటికి తీశాడు.

"తరుగు పోగా యాభై రెండు!" అని అరిచాడు మాలిక్. "దొంగ కాటా! దొంగ కాటా!"

జుబేదా బండి దగ్గర నుంచి నవ్వు మొదలై హమాలీల దాకా పాకింది. యలమంద సిగ్గుతో చచ్చిపోతూ, "రెండే తక్కువ చెల్లెమ్మా, వచ్చే నెలకి పూర్తి చేస్తా" అన్నాడు.

ఖుర్షిదా నవ్వాపుకుంటూ సంచి విప్పి, దోసెడు ఖర్జూరాలు తీసి అతని చేతుల్లో పోసింది. యలమంద ఒకటి నోట్లో వేసుకున్నాడు.

"ఇన్‌వర్డు!" అని అరిచాడు మాలిక్, రోడ్డు మీద పోయే బస్సులోవాళ్ళకి వినబడేలా.