రెండు చుక్కల రాఘవయ్య బాబాయ్

తినే అన్నం మీద ఒట్టు. నమ్మితే నమ్మండి, లేకపోతే మానేయండి. కట్టుకథలు అల్లే రకం కాదు నేను.

నరసరావుపేట దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్లు చూసేది నేనే. ఆఫీసుకూ మెషిన్ రూముకూ మధ్య కంప్యూటర్లో చాట్ పెట్టిందీ నేనే. కంప్రెసర్ల మోతలో ఫోన్ వినపడి చావదు మరి! స్క్రీను రెండు సగాలు... పైన నేను, కింద అవతలి మనిషి. అక్కడ ఒక్కో అక్షరం కొడుతుంటే ఇక్కడ ఒక్కో అక్షరం కనపడుతుంది. మూసేస్తే ఏదీ మిగలదు.

ఆ మెషిన్లు నడిపిన రాఘవయ్య బాబాయ్ ఒంటి వేలితో కొట్టేవాడు. మాట అయిపోగానే రెండు చుక్కలు పెట్టేవాడు, ఇక నీ వంతు అని. మూడేళ్లలో నన్ను ఒక్కసారి మెచ్చుకోలేదు. ఆయన రిటైరవుతుంటే ఆ నైట్ డ్యూటీ నేను అడిగాను. సొంతూరు శావల్యాపురం వెళ్తూ కూడా ఓనరుతో, "ఆడపిల్లకి నైట్ డ్యూటీ ఏందయ్యా? సరుకు పాడైపోద్ది" అన్నాడు. ఓనరు నాకు ఒక్క రాత్రి ఇచ్చి చూస్తానన్నాడు. తేడా వస్తే వేరే మనిషే.

ఆ రాత్రే ఇది జరిగింది. మెషిన్లు వాటంతటవే నడిచేట్టు పెట్టి, ఆ రూముకు నా చేత్తోనే తాళం వేశాను. గేటు దగ్గర వాచ్‌మన్ తప్ప ఎవరూ లేరు.

రెండున్నరకి చాట్‌కు పిలుపు వచ్చింది. మెషిన్ రూము నుంచి...

తెరిచాను. కింది సగంలో ఒక అక్షరం... ఆగింది... ఇంకో అక్షరం... తప్పు కొట్టి, చెరిపి, మళ్లీ...

"రెండో గది చూడు.."

రెండు చుక్కలు! భయం వేసిందా? వేసింది, అబద్ధమెందుకు.

"ఎవరు?" అని కొట్టాను.

"ముందు చూడవే.."

మీటరులో రెండో గది చల్లగానే ఉంది. అయినా టార్చి పట్టుకుని పరిగెత్తాను. తలుపు తీయగానే మొహానికి వెచ్చగా కొట్టింది. ఫ్యాన్లు ఆగిపోయాయి! మీటరు పాత అంకె దగ్గరే చచ్చి కూర్చుంది. లోపల ఎన్ని ఊళ్ల రైతుల మిర్చి బస్తాలో! మెయిన్ దించి, కాలిన ఫ్యూజు మార్చి, ఫ్యాన్లు తిప్పాను. ఒక్కదాన్నే. ఈ ముక్క ఎన్నిసార్లయినా చెబుతాను, మీరు వినాల్సిందే.

తిరిగొచ్చేసరికి కింది సగంలో... నెమ్మదిగా...

"గట్టిదానివే అమ్మాయ్.."

చాట్ మూసుకుపోయింది.

మెషిన్ రూముకు వెళ్లాను. తాళం వేసినట్టే ఉంది. తీశాను. కుర్చీ ఖాళీ. కీబోర్డు మీద కవరు కప్పింది కప్పినట్టే ఉంది.

తెల్లారాక ఫోన్ చేశాను. "బాబాయ్, రాత్రి చాట్‌లోకి వచ్చింది నువ్వేనా?"

"నేను ఇంట్లో పడుకున్నా. ఏందే, ఏమైంది?"

అంతా చెప్పాను.

"నేనెప్పుడన్నా నిన్ను గట్టిదానివన్నానా?"

"లేదు బాబాయ్."

"మరి నేనెట్టా అవుతా?" అని, "ఫ్యూజు నువ్వే మార్చావా?" అన్నాడు.

"నేనే."

"ఊఁ" అని పెట్టేశాడు.

నైట్ డ్యూటీ ఇప్పుడు నాదే. ఆ రాత్రి కొట్టింది ఎవరో ఈరోజుకీ తెలియదు. కానీ రెండున్నర కాగానే స్క్రీను ముందుకొచ్చి కూర్చుంటాను. భయంతో కాదు... ఆ మాట ఇంకోసారి అంటారేమోనని.