దీపం ముందర పిలవడానికి ఒక పేరు

ధర్మవరంలో రామాంజినమ్మ చూపుడువేలి మీద సన్నటి గాడి ఉండేది. పట్టుదారం కండెలకు చుట్టీ చుట్టీ పడిన గాడి అది. ఆ రోజు మగ్గం మీద ఏ రంగు నడుస్తుంటే ఆ రంగు అందులో నిలిచేది. ఊరి మీద మబ్బు తునక కూడా కనబడని ఏడాదిలో సైతం ఆ వేలి మీద చిలకపచ్చ మొలిచేది.

పామిడి నుంచి కోడలిగా వచ్చిన నాటి నుంచి ఆమె పని కండెలు చుట్టడం. మామ శ్రీరంగప్ప, భర్త బాలప్ప నేసేవాళ్ళు. అత్త భద్రమ్మ అందరినీ అదిలించేది.

డెబ్బై ఎనిమిది ఎండాకాలంలో రామాంజినమ్మ తమ్ముడు తిప్పేస్వామి గంపతో వచ్చాడు. అతను అనంతపురంలో ఒక కాలేజీలో అటెండరు. గంపలో గోధుమరంగు మచ్చల తెల్లటి ప్రాణి ఒకటి ముడుచుకుని ఉంది. తోక లేదు. కళ్ళు తడిసిన మిరియాల్లా మెరుస్తున్నాయి.

"యాందిరా ఇది?" అంటూ భద్రమ్మ అతన్ని గడపలోనే ఆపింది.

"గినీ పంది అంటారత్తా."

"పందా! మగ్గమింట్లోకి పందిని తెచ్చినావా? మీ యక్క కాపురం బాగుండల్లనేనా?"

"పేరే పందత్తా, గడ్డి తింటాది, అంతే. సెలవుల్లో ఆడ మేపేవాళ్ళు లేరు. కాలేజీ తెరిస్తే తీసుకపోతా. పిలకాయలకు కోసి చూపిస్తారు."

'కోసి' అన్న మాట గాలిలో ఉండగానే రామాంజినమ్మ దాన్ని ఒడిలోకి తీసుకుంది.

ఆ ఎండాకాలమంతా ఆమె పచ్చదనం వెతుక్కుంటూ తిరిగింది. వీధి కొళాయి చుట్టూ, కూరగాయల అంగడి వెనకాల. కొంగులో నాలుగు ఆకులు గలగలమంటే చాలు, ఇంట్లోంచి సన్నటి ఈల వినిపించేది. రాట్నం చప్పుడూ మగ్గం చప్పుడూ తప్ప ఎరగని ఆ ఇంటికి ఎవరో పిల్లనగ్రోవి తెచ్చినట్టయింది.

సెలవులు అయిపోవస్తుంటే ఆమెకు అన్నం దిగలేదు. సాకుకునేవాళ్ళుంటే ఉంచుకోమని కాలేజీ అయ్యవారు తిప్పేస్వామితో కబురు చేశాడు. ఇక మిగిలింది అత్త మాట.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. కొత్త పడుగు, అంటే చీర నిలువు దారాలు, మగ్గానికి ఎక్కేరోజు భద్రమ్మ నేసేవాళ్ళు కూర్చునే మగ్గం గుంత అంచున దీపం వెలిగిస్తుంది. ఇంటిమనుషులను ఒక్కొక్కరినే పేరుతో పిలిచి, పిడికెడు బొరుగులు, బెల్లం ఇస్తుంది. ఆ పిడికిలి అందుకున్నవాళ్ళు ఆ మగ్గం మనుషులు. వాళ్ళను పొమ్మనే హక్కు ఎవరికీ లేదు.

"దానిగ్గూడా ఒక పిడికిలి పెట్టత్తా," అంది రామాంజినమ్మ.

"పిల్చేది నేను గదమ్మే. దీపం ముందర పందీ అని పిల్చల్లా? మంచి పేరుంటే తే. ముద్దుపేర్లు గిద్దుపేర్లు నాకొద్దు. లోకం దాన్ని ఏమంటాదో అదే చెప్పు. దీపం కాడ అబద్ధమాడను."

ఇక ఇంటికి ఎవరొచ్చినా రామాంజినమ్మ చెంబుతో నీళ్ళిచ్చి, వెంటనే దాన్ని చూపించి పేరడిగేది.

గుమ్మఘట్ట నుంచి వచ్చిన చుట్టం కన్నడంలో "గినీ ఇలి" అన్నాడు. ఇలి అంటే ఎలుక.

"పట్టు మీదికి ఎలుకను పిల్చల్లా?" అంది భద్రమ్మ. "పిల్లిని గూడా పిల్చుకోండి, పెండ్లి చేద్దాం."

కంచి నుంచి దారం తెచ్చే వర్తకుడు "సీమై పెరుచ్చాళి" అన్నాడు. అంటే సీమ పందికొక్కు, పరదేశపుది. ఆ రోజు భద్రమ్మ నవ్వలేదు కూడా.

తర్వాత చీర కొనడానికి ఒక స్పెయిన్ నర్సు వచ్చింది. పల్లెల్లో పనిచేస్తూ తెలుగు నేర్చుకున్న మనిషి. చీర పక్కన పెట్టి, ఆ ప్రాణిని ఎత్తుకుని ముద్దు చేసింది.

"మా భాషలో దీన్ని ఇండియా కుందేలు పిల్ల అంటారు," అంది.

రామాంజినమ్మ ముఖం వెలిగింది. కుందేలు! చందమామలో ఉండేది!

"ఇండియాలో యాడుండాదమ్మా?" అంది భద్రమ్మ. "పుట్టినకాడ్నుంచి నేను చూళ్ళేదే. చెవులు చూస్తే కుందేలూ కాదు."

"నిజమే. మా పక్కన ఫ్రాన్సు వాళ్ళు ఇండియా పంది అంటారు. ఇది పుట్టింది సముద్రం అవతలి కొండల్లో. అక్కడి వాళ్ళు దాని కూతే పేరు పెట్టి 'కూయ్' అంటారు."

"దీపం ముందర కూయ్ అంటే వీధిలో కుక్కలొస్తాయి తల్లీ."

మనం సీమది అంటాం, సీమవాళ్ళు మనది అంటారు. ప్రతి భాషా దాన్ని తన పొలిమేర దాటించి ఇంకో దేశానికి సాగనంపింది. తనకిన్ని పేర్లున్న సంగతి తెలియక, అది రామాంజినమ్మ మోకాలికి ఆనుకుని ఆకు నమిలేది.

పడుగు ఎక్కే రోజు రానే వచ్చింది. తిప్పేస్వామి కూడా వచ్చాడు. పిడికిలి దక్కకపోతే సాయంత్రం బస్సుకు దాన్ని తీసుకుపోవాలి. రామాంజినమ్మ దాన్ని ఒడిలో పెట్టుకుని గోడవార కూర్చుంది.

భద్రమ్మ దీపం వెలిగించింది. "బాలప్పా!" కొడుకు చెయ్యి చాచాడు. "రామాంజినమ్మా!" కోడలు అందుకుంది. ఆ తర్వాత భద్రమ్మ పైట తల మీదికి లాక్కుని, మాట్లాడకుండా ఒక పిడికిలి తీసి శ్రీరంగప్ప ఒడిలో పోసింది.

రామాంజినమ్మ ముందుకు వంగింది. ఏటేటా చూస్తున్నదే, ఇప్పుడే కనబడింది.

"అత్తా, మామను పిల్చలేదే?"

"మొగుని పేరు యాడన్నా చెప్తారేమే, బుద్ధి ల్యాకుండా!"

"పేరు పిల్చకుండా పెడితే చెల్లుతాదా?"

"చెల్లకేం? పెద్దరికానికి పేరెందుకు?"

"అయితే దీనిగ్గూడా అట్లే పెట్టు. పేరూ వద్దు, అబద్ధమూ వద్దు."

తిప్పేస్వామి నోరు మూసుకుని నవ్వు ఆపుకుంటున్నాడు. భద్రమ్మ కోడలి వైపు చూసింది, మొగుడి వైపు చూసింది, ఒడిలో ఉన్నదాని వైపు చూసింది.

"ఇంతకాలం కాపురం చేస్తే, కడాకు నన్ను పందికొక్కు పక్కన కూర్చోబెట్టినారప్పా," అన్నాడు శ్రీరంగప్ప బొరుగులు నములుతూ.

భద్రమ్మకు నవ్వు పొట్టలోంచి వచ్చింది. దీపం ఊగేంతగా నవ్వింది. కళ్ళు తుడుచుకుని, పైట మళ్ళీ తల మీదికి లాక్కుంది. గోడ దగ్గరికి వచ్చి, ఒక పిడికెడు బొరుగులు రామాంజినమ్మ ఒడిలో మెల్లగా వదిలింది. బెల్లం మాత్రం తన నోట్లో వేసుకుంది.

మొగుని పేరు చెప్పకుండా 'ఆయప్ప' అనే భద్రమ్మకు ఆ రోజు నుంచి ఇంట్లో ఇద్దరు 'ఆయప్ప'లు. "ఆయప్ప తిన్న్యాడా?" అని ఆమె వాకిట్లోంచి కేకేస్తే, ఎవరి సంగతి అడుగుతున్నదో తేలక శ్రీరంగప్ప మగ్గం గుంతలోంచి తల ఎత్తి, "ఎవురు, నేనా?" అనేవాడు.